యూరిన్ పైపు తీసే మాట ఎవరిది?

అంశం: వార్డు రోగికి వేసిన ఫోలీ పైపును (మూత్రాశయంలో చిన్న నీళ్ల బెలూన్‌తో నిలిచే యూరిన్ పైపును), అవసరం తీరగానే, డాక్టరు విడిగా ఆర్డరు రాయకపోయినా నర్సు తీసేయవచ్చా? తీసేయవచ్చనే పక్షం ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుది. కూడదనే పక్షం జనరల్ మెడిసిన్ డాక్టరుది.

నర్సు: పైపు ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం సార్. ఎంత శుభ్రంగా వేసినా రోజులు గడిచేకొద్దీ పైపు గోడలకు సూక్ష్మజీవులు పాచిలా పట్టేస్తాయి. ఆ పాచిలోకి యాంటీబయాటిక్ సరిగా దిగదు. కానీ రౌండ్స్‌లో దుప్పటి కింద పైపు ఉన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

డాక్టరు: గుర్తుండదన్నది నిజమే సిస్టర్. మరి తీశాక మూత్రం రాకపోతే? వెన్నులో మత్తు (స్పైనల్) ఇచ్చిన కేసు కావచ్చు, ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయన కావచ్చు. రాత్రిపూట 30 మందికి ఒక్క సిస్టర్ ఉన్న వార్డులో ఆయన పొత్తికడుపు ఉబ్బిందని ఎవరు చూస్తారు? తెల్లవారుజామున కంగారుగా మళ్లీ వేసే పైపు మొదటిదానికన్నా ప్రమాదం.

నర్సు: తీయడంతోనే పని అయిపోదు. 10 మి.లీ. సిరంజి తగిలించి, బెలూన్‌లోని నీళ్లు వాటంతటవే వెనక్కి వచ్చేదాకా ఆగాలి. బలంగా లాగితే బెలూన్ ముడత పడి, బయటికి వస్తూ మూత్రనాళాన్ని గీరుతుంది. ముందురోజు నుంచి పైపును క్లిప్పుతో మూసి (క్లాంప్ చేసి) వదలడం అక్కర్లేదు. తీసిన టైము కేస్‌షీట్‌లో రాయాలి. 6 గంటల్లో మూత్రం రాకపోతే, మూత్రాశయంలో ఎంత నిలిచిందో చూపే బ్లాడర్ స్కాన్ చేయాలి. 400 మి.లీ. దాటి ఉంటే సన్న పైపుతో ఒక్కసారి ఖాళీ చేసి ఆ పైపు తీసేయాలి. వెంటనే ఫోలీ పెట్టేయకూడదు.

డాక్టరు: స్కానర్ లేని వార్డులో?

నర్సు: పొత్తికడుపు తట్టి చూడాలి, అనుమానముంటే డ్యూటీ డాక్టరును పిలవాలి.

డాక్టరు: అసలు లోపం వాడకంలో ఉంది సిస్టర్. స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు యూరిన్ బ్యాగును తెచ్చి రోగి పొట్ట మీద పెడతారు. నిలవ మూత్రం పైపులోంచి మూత్రాశయంలోకి తిరిగి పోతుంది. ఒకే మగ్గుతో వరసగా పది బ్యాగులు ఖాళీ చేస్తారు. బ్యాగు మూతి మగ్గు అంచుకు తగిలిందంటే ఈ మంచం క్రిమి ఆ మంచానికి చేరినట్టే. ముందు అది సరిచేయండి.

నర్సు: ప్రతి రోగికీ వేరే మగ్గు, బ్యాగు ఎప్పుడూ నడుము కిందే, నేలకు తగలకుండా. ఆ పని నాదే, ఒప్పుకుంటాను. కానీ పైపే లేకపోతే ఈ తప్పులకు చోటే ఉండదు కదా సార్!

డాక్టరు: 2016లో అమెరికాలో 603 ఆసుపత్రుల ఫలితాలు వచ్చాయి. ఇలాంటి జాగ్రత్తలతో మామూలు వార్డుల్లో పైపు వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఐసీయూల్లో పెద్దగా మార్పు లేదు. షాక్‌లో (బీపీ బాగా పడిపోయి) ఉన్నవాళ్లకు గంటగంటకూ యూరిన్ కొలవాలి. ఐసీయూ జోలికి రాకండి.

నర్సు: అలా గంటగంటకూ కొలిచే రోగుల జోలికి రాను. చార్టులో ఎనిమిది గంటలకొక అంకె మాత్రమే కనిపిస్తే, ఆ రోగికి పైపు దేనికి? ఇంకో సంగతి. జ్వరం లేదు, నొప్పి లేదు, అయినా బ్యాగులోంచి శాంపిల్ తీసి కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపుతారు. అందులో ఏదో ఒక క్రిమి తప్పకుండా వస్తుంది. దాన్ని చూసి యాంటీబయాటిక్ మొదలవుతుంది. నాకు బాధ కలిగించేది అదే.

డాక్టరు: అది మా తప్పే. సరే, నా షరతులు వినండి. యూరాలజీ (మూత్రవ్యవస్థ), పెల్విక్ (కటి భాగం) ఆపరేషన్ కేసుల్లో ముట్టుకోవద్దు. పైపు వేసిన రోజే కారణం కేస్‌షీట్‌లో ఉండాలి. తీసేది ఉదయం 6 గంటలకే, పగటి స్టాఫ్ కళ్ల ముందు.

నర్సు: అన్నీ సమ్మతమే. కారణం గడి ఖాళీగా ఉంటే?

డాక్టరు: నాకు ఫోన్ చేయండి.

నర్సు: చేస్తాను. మీరు ఎత్తకపోతే?

డాక్టరు: తీసేయండి సిస్టర్. తీసిన టైముతో పాటు నాకు ఫోన్ చేసిన టైము కూడా రాయండి.