ల్యాప్‌టాప్ ఇచ్చాం సరే, విండోస్ మాటేమిటి?

పోయిన డిసెంబరులో ఇండియా వెళ్లినప్పుడు మా ఊరి జడ్పీ హైస్కూలుకి వెళ్లాను. మన ప్రవాస తెలుగు సంఘం పంపిన పాత ల్యాప్‌టాప్‌లు ఎలా ఉన్నాయో చూసి రమ్మన్నారు కమిటీవాళ్లు. ఇరవై నాలుగు పంపాం, పంతొమ్మిది పనిచేస్తున్నాయి. నిజం చెప్పాలంటే పది మిగిలి ఉంటే గొప్పే అనుకున్నాను. గదికి తాళం, కిటికీలకు మెష్, ఒక్కో ల్యాప్‌టాప్‌కీ పిల్లలు కుట్టిన గుడ్డ సంచీ. ఆ మాస్టారి శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది.

ఆయన ఒకటి తెరిచి చూపించారు. "టౌన్ కుర్రాడొకడు విండోస్ వేసి ఇచ్చాడు. మొదట్లో కుడివైపు కింద యాక్టివేట్ చేయమని అక్షరాలు వస్తూ ఉండేవి సార్. వాల్‌పేపర్ మార్చబోయినా ఒప్పుకునేది కాదు. ఆ కుర్రాణ్నే మళ్లీ పిలిపించి క్రాక్ కొట్టించాం. మెషీన్‌కి వంద తీసుకున్నాడు. ఇప్పుడు ఏ మెసేజీ రావట్లేదు." ఆ డబ్బు ఎవరిచ్చారని అడిగితే నవ్వి ఊరుకున్నారు. అంటే ఆయనే ఇచ్చుకున్నారు.

యాక్టివేషన్ అంటే ఈ విండోస్ డబ్బిచ్చి కొన్నదేనా అని కంపెనీ చేసే తనిఖీ, క్రాక్ అంటే దాన్ని మోసగించే దొంగ ప్రోగ్రాం. నేనేమీ అనలేకపోయాను. తప్పు చెప్పే మొహం నాకు లేదు మరి.

2002లో మా ఇంట్లో మొదటి సిస్టమ్ కొన్నాం. అప్పట్లో కంప్యూటర్ అనేవాళ్లం కాదు, సిస్టమ్ అనేవాళ్లం. సికింద్రాబాద్‌లో అసెంబుల్ చేయించాం. బిల్లు మీద మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, మానిటర్, క్యాబినెట్, చివరికి మౌస్ ప్యాడ్ కూడా రాశారు. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అన్న వరుసే లేదు. అదొక కొనే వస్తువని మాకు తెలియదు, నాన్న అడగనూ లేదు. షాపు కుర్రాడు "ఎక్స్‌పీ లోడ్ చేసి ఇస్తా" అన్నాడు. లారీకి ఇసుక లోడ్ చేసినట్టే, దీనికి ఎక్స్‌పీ, అంటే ఆనాటి విండోస్. ఆరు నెలలకోసారి వైరస్ పడితే మళ్లీ ఫార్మాట్ కొట్టి, మళ్లీ లోడ్ చేయడం. సీడీ కవరు మీద మార్కర్‌తో 25 అక్షరాల కీ రాసి ఉండేది. ఎఫ్‌సీకేజీడబ్ల్యూ అని మొదలయ్యే ఆ కీ మా హాస్టల్లో సగం మందికి నోటికొచ్చు. శ్లోకాలు రానివాడికి కూడా అది వచ్చు. పెద్ద సంస్థలకి ఇచ్చే వాల్యూమ్ లైసెన్సు కీ అది, యాక్టివేషన్ అడగదు. ఎక్స్‌పీ బజారులోకి రాకముందే బయటికి పొక్కిందని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

కొనాలనుకుంటే కొనగలిగేవాళ్లమా? 2001 అక్టోబరులో వచ్చినప్పుడు ఎక్స్‌పీ హోమ్ అమెరికా ధర 199 డాలర్లు, ప్రొఫెషనల్ 299. డాలరు అప్పుడు 48 రూపాయల దగ్గర ఉంది. ఆ లెక్కన ప్రొఫెషనల్ పద్నాలుగు వేలు దాటుతుంది. ఆ ఏడాది భారతదేశ తలసరి జీడీపీ 500 డాలర్లు కూడా లేదు. ఏడాది సంపాదనలో సగానికి పైగా పోసి ఒక సీడీ కొనమంటే ఎవడు కొంటాడు? న్యూజెర్సీలో జీతం తీసుకునేవాడికీ నల్గొండలో ట్యూషన్లు చెప్పుకునేవాడికీ ఒకే ధర పెట్టి, రెండోవాణ్ని దొంగ అనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పేద దేశాలకని చవగ్గా తెచ్చింది లేకపోలేదు. 2004లో ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్ అని ఆసియా దేశాల్లో మొదలుపెట్టి, మరుసటి ఏడాది హిందీలో మన దగ్గరికీ తెచ్చారు. ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరవకూడదు దాంట్లో. నాలుగోది తెరవబోతే ఒప్పుకోదు. పెళ్లికి పిలిచి మూడు కూరలకే ఆకు మడవమన్నట్టు. పక్క షాపులో యాభై రూపాయలకి పూర్తి ఎక్స్‌పీ దొరుకుతుంటే దాని మొహం ఎవరు చూస్తారు?

పైగా కంపెనీ మనసు కూడా రెండు రకాలుగా ఉండేది. బిల్ గేట్స్ 1976లోనే కంప్యూటర్ అభిరుచిపరులకు బహిరంగ లేఖ రాశారు, ఆల్టెయిర్ అనే ఆనాటి కంప్యూటర్ ఉన్నవాళ్లలో మా బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష) డబ్బిచ్చి కొన్నవాళ్లు పది శాతం కూడా లేరని. అందులో కోపం ఉంది, న్యాయమూ ఉంది. అదే గేట్స్ 1998లో ఒక యూనివర్సిటీలో చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కనుక మాదే దొంగిలించాలి, అలవాటు పడ్డాక ఎలా వసూలు చేసుకోవాలో తర్వాత చూస్తాం అన్న అర్థం వచ్చేలా చెప్పారు. సరిగ్గా ఆ ఏడాదే హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. అమీర్‌పేటలో కాపీ సీడీల మీద విజువల్ బేసిక్ నేర్చుకున్న పిల్లలు కొన్నాళ్లకి అలాంటి ఆఫీసుల గేట్లలోంచి బ్యాడ్జీ వేసుకుని లోపలికి వెళ్లారు. మనలో చాలామంది కథ ఇదే. దొంగ సీడీ మనకి ఫీజు లేని స్కూలు, వాళ్లకి ఖర్చు లేని ప్రచారం. ఎవరూ ఎవర్నీ అడగలేదు.

తాళాలు వేయలేదని కాదు. విండోస్ 95 కీ తనిఖీ ఎంత అమాయకమైనదంటే చివరి ఏడంకెల మొత్తం ఏడుతో భాగింపబడితే చాలు. వరసగా అన్నీ ఒకట్లే కొట్టినా లోపలికి రానిచ్చేది. ఎక్స్‌పీతో యాక్టివేషన్ వచ్చింది. ఒరిజినల్ కొన్నవాడు మదర్‌బోర్డు మారిస్తే ఫోన్ చేసి అంకెల దండకం చదవాలి, క్రాక్ వాడేవాడికి ఆ బాధ లేదు. 2005లో అసలు కాపీయేనా అని చూసే 'జెన్యూన్ అడ్వాంటేజ్' తనిఖీని డౌన్‌లోడ్లకి తప్పనిసరి చేశారు. 2007 ఆగస్టులో ఆ సర్వర్లు దాదాపు 19 గంటలు తప్పుగా పనిచేసి, డబ్బు పెట్టి కొన్నవాళ్లని కూడా దొంగలని ముద్రవేశాయి. 2008లో చైనాలో దొంగ కాపీలున్న సిస్టమ్‌ల వెనక తెర గంటకోసారి నల్లగా మారేట్టు చేస్తే జనం కోపగించుకున్నారు. అంతే తప్ప కొనలేదు.

ఈ నల్లతెర భయం మన దగ్గర ఇంకో పని చేసింది. నా ఉద్దేశంలో అసలు నష్టం ఇక్కడుంది. అప్‌డేట్ వస్తే దొంగ కాపీ అని పట్టేస్తుందన్న భయంతో, విండోస్ లోడ్ చేసిన ప్రతి కుర్రాడూ మొదట చేసే పని ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయడం. "అప్‌డేట్ ఆన్ చేయొద్దు అంకుల్, సిస్టమ్ పోతుంది" అనేవాడు. మేమూ పథ్యం పాటించినట్టు పాటించేవాళ్లం. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఈ అలవాటు ఖరీదు తెలిసింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దెబ్బకి ఆగిపోయాయి. అవి దొంగ కాపీలని నేననడం లేదు, అప్‌డేట్ పడని సిస్టమ్ గతి చెబుతున్నానంతే.

ఇక క్రాక్ సంగతి. దాన్ని నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. అంటే ఇంట్లో కుక్కని కట్టేసి, ముక్కూమొహం తెలియనివాడికి తాళంచెవులు ఇవ్వడం. పాస్‌వర్డులు దోచేవీ, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగేవీ ఇలాంటి క్రాకుల వెంట కూడా ఇళ్లలోకి వస్తుంటాయి. మా స్కూల్లో ఆ పంతొమ్మిదింటిలో పిల్లల ఆధార్ నంబర్లున్న ఎక్సెల్ షీట్ కూడా ఉంది. చూసినప్పుడు నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

చట్టం కూడా ఉంది. భారత కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకూ జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకూ జరిమానా. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా జరిమానాతో వదిలేసే వెసులుబాటు కోర్టుకి ఉందనుకోండి. పల్లెటూరి స్కూలు మీదకి ఎవరూ దాడికి రారు, నాకూ తెలుసు. అయినా వరస చూడండి. ల్యాప్‌టాప్‌లు ఇచ్చాం అని బ్యానర్ పట్టుకుని ఫోటో దిగింది మనం. ఆ ఫోటో ఈ పత్రికలోనే అట్ట లోపలి పేజీలో వచ్చింది. నేరం మాత్రం మాస్టారి నెత్తిన పడింది. హార్డ్ డిస్కులు చెరిపేసి, ఏ ఆపరేటింగ్ సిస్టమూ లేకుండా పెట్టెల్లో సర్ది పంపినప్పుడు అక్కడ ఏం జరుగుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్లమైన మనకి తెలియదా? ఇంజిన్ లేని కారు ఇచ్చి, నడుపుకోండి అన్నాం.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఆ సాయంత్రం కూర్చుని పంతొమ్మిదీ ఒక్కొక్కటిగా చూశాను. పదకొండింటికి అసలు క్రాక్ అవసరమే లేదు. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటుంది. కొన్నప్పుడే దాని డబ్బు చెల్లించేశారు. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే, నెట్‌కి తగిలించగానే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. కుర్రాడి పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్, చిప్‌లో ఉన్నది హోమ్ ఎడిషన్ కీనో, ప్రో ఎడిషన్ కీనో. రెంటికీ పొంతన కుదరక మెసేజ్ వచ్చింది. లైసెన్సు ఇంట్లో పెట్టుకుని దొంగతనానికి వంద రూపాయలిచ్చారు పాపం.

ఇప్పుడు ధర గురించి పాత వాదన కూడా అంత బలంగా నిలబడదు. ఆపిల్ వాళ్లు 129 డాలర్లకి అమ్మిన తమ ఆపరేటింగ్ సిస్టమ్‌ని 2009లో 29కి దించి, 2013కల్లా ఉచితం చేశారు. విండోస్ 10ని 2015లో పాత విండోస్ ఉన్నవాళ్లకి ఊరికే ఇచ్చారు. ఇప్పుడు బాధ వేరు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగింది. విండోస్ 11 ఒకటీ అరా తప్ప ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను ఒప్పుకోదు. ఇక్కడి ఆఫీసుల్లో అటకెక్కి, మన దాతృత్వానికి దొరికేవి సరిగ్గా ఆ ల్యాప్‌టాప్‌లే.

వాటికి లినక్స్ (ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) వేసి పంపుదామని నేను మీటింగులో అంటే, ఒక మిత్రుడు "ఉద్యోగానికెళ్తే ఎక్సెల్ అడుగుతారు గానీ లినక్స్ ఎవడడుగుతాడు గురూ" అన్నాడు. ఆ మాటలో నిజముంది, కాదనను. కానీ ఎక్సెల్, వర్డ్ బ్రౌజర్‌లో ఉచితంగానే వాడుకోవచ్చు. అర్హత ఉన్న స్కూళ్లకి మైక్రోసాఫ్టే ఉచిత ప్లాన్ ఇస్తుంది. నెట్ లేనప్పుడు ఎక్సెల్, వర్డ్ లాంటివే ఉచితంగా ఇచ్చే లిబ్రే ఆఫీస్ ఉంది, తొమ్మిదో తరగతి పిల్లకి సమ్ ఫార్ములా నేర్పడానికి అది చాలదా? కేరళ ప్రభుత్వ స్కూళ్లు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి, అక్కడి పిల్లలకేమీ ఉద్యోగాలు రాకుండా పోలేదు. మన హైదరాబాద్‌లోనే 'స్వేచ్ఛ' అనే సంస్థవాళ్లు తెలుగులో లినక్స్ తయారుచేశారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తోడు కావాలంటే అడగడానికి మనుషులున్నారు.

ఇంత చెప్పి మన ఇంటి సంగతి దాచడం బాగోదు. సంబరాల సావనీర్లు ఏళ్లుగా పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001 నాటిది. అది ఎవరి కాపీ, ఏ కంప్యూటర్‌లో ఉంది, లైసెన్సు ఉందా అని ఏ కమిటీ అయినా అడిగిందా? డీటీపీ చేసినాయనకి పేజీకింత అని ఇచ్చి చేతులు దులుపుకున్నాం. తెలుగు ఫాంట్ చేసేవాడు మనవాడే. అక్షరానికి తలకట్టు, దీర్ఘం, ఒత్తులు ఒక్కొక్కటీ గీసి కూర్చినవాడికి రూపాయి ముట్టకుండా మనం మాతృభాషా సేవ చేసేస్తున్నాం. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ ద్వారా మండలి, రామభద్ర, సురన్న, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచిత లైసెన్సుతో వచ్చాయి. అవి వాడదాం, లేదా డబ్బిచ్చి కొందాం. స్టేజీ పూలకి పెట్టే ఖర్చులో పదో వంతు చాలు. (పదిహేను డాలర్లకి విండోస్ ప్రో కీ అని వాట్సాప్‌లో లింకులు పంపే అన్నయ్యల గురించీ, అన్ని తెలుగు చానళ్లూ దొంగదారిలో వచ్చే ఆ నల్ల డబ్బా గురించీ ఇప్పుడు ఎత్తను. పండగపూట గొడవలెందుకు.)

నేను అడిగేది చిన్నది. ఇకనుంచి సంఘం పేరు మీద వెళ్లే ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఆపరేటింగ్ సిస్టమ్ మనమే వేసి, యాక్టివేట్ అయిందో లేదో చూసి, అప్‌డేట్లు ఆన్‌లో పెట్టి పంపాలి. కీ ఉండి విండోస్ 11 ఎక్కేవాటికి అదే ఎడిషన్, మిగతావాటికి తెలుగు కీబోర్డు పెట్టిన లినక్స్. ఒక్కోదానికి గంట పని.

ఈసారి పంపాల్సినవి ముప్పై రెండు మా గరాజ్‌లో ఉన్నాయి. పద్నాలుగు చూశాను, తొమ్మిదింటిలో కీ బతికే ఉంది. మిగతా పద్దెనిమిదీ వచ్చే శనివారం పొద్దున మొదలుపెడతాను. వీలున్నవాళ్లు రండి. టీ, ఉప్మా మా ఇంట్లోనే. ఛార్జర్లు మాత్రం ఆరే ఉన్నాయి, మీ దగ్గర పాతవి పడి ఉంటే వెంట తెచ్చుకోండి.