ఫోటోల వరుస చరిత్ర కాదు

జూబిలీ దగ్గరపడితే చాలు, కాథలిక్ బాలికల పాఠశాలల సావనీర్లన్నీ ఇంచుమించు ఒకేలా తయారవుతాయి. ముందు బిషప్ గారి సందేశం, ఆ వెనకే నల్ల ముసుగుల్లో వరుసగా ప్రిన్సిపాళ్లు, ప్రతి ఫోటో కింద పేరు, ఏళ్లు. చివరి రెండు మూడు ఫోటోల్లో ముసుగు పోయి కోటు వస్తుంది, అంటే సిస్టర్లు కాని ప్రిన్సిపాళ్లు. దానికి పెట్టే పేరు 'నాయకత్వ చరిత్ర'. మన సంఘాల సావనీర్లలో అధ్యక్షుల ఫోటోలు చూసి సంఘాన్ని అసలు ఎవరు నడిపారో చెప్పగలమా? ఇదీ అంతే.

ఈ బళ్ల విషయంలో అసలు పేచీ మొదటినుంచీ ఒక్కటే. సిస్టర్లను ఎవరు నియమించాలి, ఎవరు బదిలీ చేయాలి? మేరీ వార్డ్ అనే ఇంగ్లిష్ మహిళ 1609లో ఇప్పటి ఫ్రాన్సులోని సెయింట్ ఓమేర్‌లో ఒక సిస్టర్ల సంస్థ పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించింది. మఠం గోడల మధ్య మగ్గేది లేదనీ, స్థానిక బిషప్పుల కింద కాక తమలో ఒకరైన మదర్ జనరల్ (సంస్థ మొత్తానికీ పెద్ద) కింద పనిచేస్తామనీ, ఆవిడ నేరుగా పోపుకే జవాబు చెబుతుందనీ పట్టుబట్టింది. 1631లో ఎనిమిదో అర్బన్ పోపు ఆ సంస్థను రద్దు చేశాడు. ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు. బళ్లు మాత్రం అక్కడక్కడా బతికాయి. ఆడమనిషి సంస్థ మొత్తానికీ పెద్దగా ఉండొచ్చని రోమ్ 1749లో ఒప్పుకుంది గానీ, స్థాపకురాలిగా మేరీ వార్డ్ పేరు మాత్రం చెప్పుకోనివ్వలేదు. ఆ అనుమతి 1909లో గాని రాలేదు. నూట అరవై ఏళ్లు నాయకుల జాబితాలో మొదటి పేరే లేదన్నమాట!

ఆస్ట్రేలియాలో బళ్లు నడిపే సిస్టర్ల సంస్థ పెట్టిన మేరీ మెక్‌కిలప్‌ను అడిలైడ్ బిషప్ 1871లో వెలివేసి మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ వెలి ఎత్తేశాడు. మఠాలు స్థానిక ఫాదర్ల చేతికింద ఉండాలా, మదర్ చేతికిందా అన్నది ఆ గొడవలోనూ ఉంది.

ఇక ఫోటోల కింది ఏళ్ల సంగతి. 1917 నాటి చర్చి చట్టం ప్రకారం ఒక మఠానికి సుపీరియర్‌ను, అంటే ఆ మఠం పెద్దను, మూడేళ్లకు మించి నియమించకూడదు. సంస్థ నియమావళి ఒప్పుకుంటే ఇంకో మూడేళ్లు. వెంటనే మూడోసారి అదే మఠంలో కుదరదు. చాలాచోట్ల సుపీరియరే ప్రిన్సిపాల్ కాబట్టి పేర్లు మూడేళ్లకో ఆరేళ్లకో మారిపోతూ కనిపిస్తాయి. అది చూసి "ఈవిడను అంత తొందరగా ఎందుకు పంపేశారో" అని కథలు అల్లుతారు. కథేమీ లేదు, గడువు తీరిందంతే. ఎవరైనా పద్నాలుగేళ్లు ప్రిన్సిపాల్‌గా ఉన్నట్టు కనిపిస్తే అప్పుడు అనుమానించాలి: ఆ కాలంలో సుపీరియర్ ఇంకెవరో ఉండి ఉంటారు, డబ్బు, మనుషులు ఆవిడ చేతిలో ఉండి ఉంటాయి.

ఇంకో చిక్కు పేర్లది. 1965లో రెండో వాటికన్ మహాసభ మఠజీవితాన్ని సంస్కరించుకోమన్నాక చాలామంది సిస్టర్లు మఠంలో చేరినప్పుడు పెట్టుకున్న పేరు వదిలి జ్ఞానస్నానం నాటి పేరుకు వెళ్లిపోయారు. దాంతో ఒకే మనిషి రికార్డుల్లో ఇద్దరవుతుంది. అందుకే సావనీర్ రాసేవాళ్లు ముందు ఒక పెద్ద కాగితం మీద మూడు గడులు గీసుకోవాలి: ప్రిన్సిపాల్, మఠం సుపీరియర్, ప్రొవిన్షియల్ (ఒక ప్రాంతంలోని మఠాలన్నిటికీ పెద్ద). మఠం దినచర్య పుస్తకం, మదర్‌హౌస్‌లోని (సంస్థ ప్రధాన మఠంలోని) నియామకాల రిజిస్టరు, విద్యాశాఖకు పంపిన రిపోర్టుల మీది సంతకాలు పక్కపక్కన పెట్టి నింపాలి. తేడా వస్తే ఆనాటి సంతకాన్నే నమ్మాలి. పాత జూబిలీ జాబితా అన్నిటికంటే ఆఖరి సాక్ష్యం, ఎందుకంటే అది కూడా ఎవరో తొందరలో జ్ఞాపకం మీద రాసిందే.

అమెరికాలో 1965లో సుమారు 1,80,000 మంది సిస్టర్లుండేవారు, ఇప్పుడు 40,000 కూడా లేరు. ముసుగు పోయి కోటు రావడానికి కారణం ఇదే. సిస్టర్‌కు ఇచ్చేది చేతిఖర్చుకు కాస్త ఎక్కువ, బస మఠంలోనే. ఆమె స్థానంలో జీతానికి వచ్చినవారికి ఇల్లు, ఇన్సూరెన్సు, పెన్షన్ కావాలి. ఫీజులు పెరగడంలో దీని వాటా చిన్నదేమీ కాదు. విరాళాలు పోగుచేయడానికి ప్రెసిడెంటు, చదువు చూడటానికి ప్రిన్సిపాల్ అని కుర్చీని రెండు చేసిన బళ్లూ ఉన్నాయి. ఎవరి హద్దు ఎక్కడో కాగితం మీద లేకపోతే టీచర్ల నియామకం దగ్గరే మొదటి రగడ.

మఠం వెళ్లిపోయిందని అధికారం కూడా వెళ్లిపోయిందనుకోవద్దు. చాలా బళ్లకు ఇప్పుడు రెండంచెల పాలన. రోజువారీ వ్యవహారం ట్రస్టీల బోర్డుది. దానిపైన సిస్టర్ల సంస్థ నియమించే కొద్దిమంది సభ్యులు. భూమి అమ్మకం, నియమావళి మార్పు, బడి మూసివేత, కొన్నిచోట్ల ప్రిన్సిపాల్ నియామకం కూడా ఆ పైవాళ్ల సరే లేనిదే కదలవు. పిల్లల బడి బోర్డులో చేరమని మనవాళ్లలో ఎవరినైనా పిలిస్తే, ఒప్పుకునేముందు బైలాస్‌లో ఆ పేజీ చూపించమని అడగాలి. సిస్టర్ల సంస్థ తప్పుకుంటే ఆ అధికారాలు ఎవరికి పోతాయో, స్థలం ఎవరి పేరున ఉందో కూడా అడగాలి. ఆఖరికి గేటు దగ్గరి పేరుపలక మీది మాట కూడా బడి సొంతం కాదు: 1983 చర్చి చట్టం ప్రకారం, నిజానికి కాథలిక్ బడే అయినా, చర్చి అధికారి అనుమతి లేకుండా 'కాథలిక్' అని పేరు పెట్టుకోకూడదు.