గురువారం డామినోల పెట్టెకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ డామినోలనే చుక్కల బిళ్ళల పెట్టె గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. 'తెరేజ్ రాకేన్' నవలలో తమరుండే ఇంట్లో ఒకడు నీళ్ళలో పోయాడు, ఇద్దరు విషం తాగి పోయారు, పెద్దావిడకు నోరూ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆట మాత్రం పెద్దగా చెడలేదు కనుక తమరు క్షేమమనే తలుస్తాను.

1867లో ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా ఆ నవల రాస్తే, పారిస్ పెద్దమనుషులు ముక్కు మూసుకున్నారు. మరుసటి ఏడాది 'ఫిగారో' పత్రికలో మారుపేరుతో ఒకాయన దాన్ని కుళ్ళు సాహిత్యమని తిట్టిపోశాడు. అక్రమ సంబంధం, హత్య, శవాల గది అన్నీ ఆయన కంటపడ్డాయి. తమరు పడలేదు. నాకు మాత్రం ఆ పుస్తకంలో అందరికంటే భయం వేసింది తమరిని చూస్తేనే.

సూదులూ దారాలూ అమ్మే కొట్టు మీద గది, గురువారం రాత్రి పదకొండు దాకా ఆట. ఆడేవాళ్ళు సామాన్యులా? మిషో గారు రిటైరైన పోలీసు కమిషనరు, కొడుకు ఒలివియే పోలీసు శాఖలోనే ఉద్యోగి. గ్రివే గారు రైల్వే గుమాస్తా. పగలు దొడ్డిమెట్ల మీదుగా ఆ ఇంటి కోడలు తెరేజ్ గదికి వచ్చిపోయే ప్రియుడు లోరాన్, గురువారం మాత్రం బుద్ధిమంతుడిలా ఆమె మొగుడి పక్కనే కూర్చుని పావులు కదిపేవాడు. పారిస్ పక్కనున్న సెంతువాన్ దగ్గర పడవలోంచి ఆ మొగుణ్ణి, కామిల్‌ను, నదిలోకి తోసేశాక పోలీసుల దగ్గరికి లోరాన్‌కు తోడు వెళ్ళిందెవరు? ఒలివియే గారే! పోలీసింట్లో దొంగకు ఇంత మర్యాద మనవైపు కూడా అరుదు.

తర్వాత ఆ విధవరాలు దిగులుగా ఉంటోందని, ఆట రంజుగా లేదని మిషో గారికి బెంగ పట్టుకుంది. పెళ్ళి పెద్దరికం వహించి, హంతకులిద్దరికీ, అంటే ఆమెకూ లోరాన్‌కూ, ముడిపెట్టే మాట ఎత్తారు. సంబంధం కుదిరింది, ఆట నిలిచింది.

ఇక ఆ రాత్రి సంగతి. అప్పటికి కొడుకును చంపిందెవరో కామిల్ తల్లికి, ఆ ముసలావిడకు, తెలిసిపోయింది. ఒళ్ళంతా చచ్చుబడినా ఎలాగో ఒక్క చెయ్యి కూడదీసుకుని, తమరు పరుచుకున్న బల్ల మీదే వేలితో రాసింది: 'తెరేజ్, లోరాన్ ఇద్దరూ...' అంతే, చెయ్యి మొరాయించింది. అందరూ వంగి చూశారు. ఆవిడ కళ్ళు చదవడంలో తనంతటివాడు లేడనుకునే గ్రివే గారు మిగతాది పూరించేశారు, 'నన్ను ఎంతో బాగా చూసుకుంటున్నారు' అని! పోలీసాయన కూడా ఔనన్నారు. ఆట మళ్ళీ సాగింది. జోలా తాను చేసింది శస్త్రవైద్యుడి పని అన్నాడు గానీ, ఈ ఒక్క చోట కత్తి పక్కనపెట్టి నవ్వుకున్నాడనే నా అనుమానం.

ఆ గదికి 'శాంతి మందిరం' అని పేరు పెట్టిందీ గ్రివే గారేనట. హంతకులిద్దరూ విషం తాగిన చివరి రాత్రి కూడా అతిథులు హాయిగా ఆడుకునే వెళ్ళారు. కాబట్టి తమరితో ఒక చిన్న మనవి: వచ్చే గురువారం ఆట ఎవరింట్లోనో ముందుగా కబురు చేయండి. ఆ ఇంటివాళ్ళను హెచ్చరించుకుంటాను.

ఇట్లు,
తమ ఆట నేర్చుకోని ఒక పాఠకుడు