జెంటిల్ జెయింట్ మీద జాలిపడకండి

ఈ మధ్య నాకు బాగా విసుగు తెప్పిస్తున్న మాట ఒకటుంది: అండర్‌రేటెడ్. ఆడని సినిమా అండర్‌రేటెడ్, టీమ్‌లో చోటు దొరకని క్రికెటర్ అండర్‌రేటెడ్, మా సందు చివర మిర్చీ బండి కూడా అండర్‌రేటెడే. జెంటిల్ జెయింట్ అనే బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ (రాక్‌లో శాస్త్రీయ సంగీతపు అల్లికలు కలిపే బాణీ) బ్యాండ్ పేరు ఎత్తితే చాలు, ఎదుటివాడు ముందు ఈ మాట అనేసి, ఆ వెంటనే ఒక నిట్టూర్పు వదులుతాడు. పింక్ ఫ్లాయిడ్, జెనెసిస్, యెస్ స్టేడియాలు నింపారు, పాపం వీళ్లు నింపలేకపోయారు, అదీ బాధ. పాతికేళ్లుగా వీళ్ల పాటలు వింటున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆ 'పాపం' నాకు అక్కర్లేదు, వాళ్లకి అసలే అక్కర్లేదు.

ఎందుకంటే వీళ్లు పేరు రాక మూలన పడ్డవాళ్లు కాదు. వచ్చిన పేరు వద్దనుకున్నవాళ్లు. ఫిల్, డెరెక్, రే అనే ముగ్గురు షుల్మన్ అన్నదమ్ములు అంతకుముందే సైమన్ డుప్రీ అండ్ ది బిగ్ సౌండ్ అనే పాప్ బ్యాండ్ నడిపారు, 1967లో 'కైట్స్' అనే పాటతో బ్రిటన్ టాప్ 10లోకి వెళ్లారు. ఆ బ్యాండ్‌తో కొన్నాళ్లు కీబోర్డు వాయిస్తూ తిరిగిన రెజినాల్డ్ డ్వైట్ అనే కుర్రాడే తర్వాత ఎల్టన్ జాన్ అయ్యాడు. అంటే హిట్టు ఎలా ఉంటుందో, దాని రుచేంటో అన్నదమ్ములకి తెలుసు. తెలిసే దాన్ని పక్కనపెట్టి, రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివిన కెర్రీ మినియర్‌ని, గిటారిస్టు గ్యారీ గ్రీన్‌ని కలుపుకుని 1970లో ఈ కొత్త దుకాణం తెరిచారు. 1971లో వచ్చిన రెండో ఆల్బమ్ 'అక్వైరింగ్ ద టేస్ట్' అట్ట మీదే రాసుకున్నారు, జనానికి అస్సలు నచ్చకపోయే ప్రమాదం ఉన్నా సరే, పాపులర్ సంగీతం పొలిమేరలు జరపడమే మా పని అని. ఇంత బాహాటంగా చెప్పి చేసినవాళ్ల మీద జాలేమిటి?

ఇక అసలు సంగతి, ఆ సంగీతం. 1975 నాటి 'ఫ్రీ హ్యాండ్' ఆల్బమ్‌లో 'ఆన్ రిఫ్లెక్షన్' అనే పాట ఉంది. ఒక గొంతు ఒక వరుస ఎత్తుకుంటుంది. అది సగంలో ఉండగానే రెండో గొంతు అదే వరుసను వేరే స్థాయిలో అందుకుంటుంది, తర్వాత మూడోది, నాలుగోది. పడమటి శాస్త్రీయ సంగీతంలో ఫ్యూగ్ అంటారు దీన్ని. నాలుగు గొంతులూ నాలుగు చోట్ల ఉంటాయి, ఎవరి దారి వాళ్లది, అయినా ఎక్కడా ఒకరి కాలు ఒకరు తొక్కరు. స్టేజీ మీద ఇదే పాటను ముందు వాయిద్యాల మీద వినిపించి, ఆ తర్వాత గొంతులు ఎత్తేవాళ్లు. 1976 యూరప్ టూర్‌లో రికార్డు చేసి మరుసటి ఏడు వదిలిన 'ప్లేయింగ్ ద ఫూల్'లో వినండి, ఐదుగురు మనుషులు కచేరీ మధ్యలో వాయిద్యాలు మార్చుకుంటూ పోతుంటారు, ఇందాక బేస్ వాయించినవాడు వయొలిన్ పట్టుకుంటాడు, కీబోర్డు దగ్గరున్నవాడు సెల్లో అందుకుంటాడు, ఉన్నట్టుండి నలుగురు రికార్డర్లు అనే పిల్లనగ్రోవులు ఊదుతుంటారు.

ఈ 'ఆన్ రిఫ్లెక్షన్' మొదటిసారి మా పెదనాన్నగారికి వినిపించినప్పుడు నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల కోసం వెళ్లిన ఫ్రెండ్ ఒకడు తెచ్చిచ్చిన ఎంపీత్రీ సీడీ అది, నూటయాభై పాటల్లో మధ్యలో ఎక్కడో ఇది ఇరుక్కుని ఉంది. పెదనాన్నగారు చిక్కడపల్లి మనిషి, త్యాగరాయ గానసభలో మంచి కచేరీ ఉందంటే రెండో వరుసలో ఆయన సీటు ఆయనది. ఇంగ్లీషు పాటంటే అరుపులే అనే అభిప్రాయం. ఆరోజు మాత్రం కాసేపు మోకాలి మీద చెయ్యి వేసి తాళం వేయబోయారు, ఆపారు, మళ్లీ వేయబోయారు, చివరికి "ఒరేయ్, వీళ్లు ఎత్తుకున్న చోటు నాకు దొరకట్లేదురా, మళ్లీ పెట్టు" అన్నారు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. మూడుసార్లు పెట్టించుకున్నారు. అభిమానం అంటే నా దృష్టిలో ఆ 'మళ్లీ పెట్టు' అనే మాటే, మిగతాదంతా గోల.

'మన చెవికి కష్టం' అనేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకి ఇదే నా జవాబు. ఏడు అక్షరాల మిశ్రచాపు, ఐదు అక్షరాల ఖండచాపు తరాల తరబడి వింటూ పెరిగిన చెవి మనది. తనియావర్తనంలో, అంటే కచేరీ మధ్యలో తాళవాద్యాలకే వదిలేసిన ఘట్టంలో, మృదంగం ఎటో వెళ్లిపోయి, లెక్క తప్పిందేమో అని మనకే టెన్షన్ పుట్టి, చివరి ముక్తాయింపు సరిగ్గా ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) మీద వచ్చి పడగానే హాలంతా ఒక్కసారి ఊపిరి వదులుతుందే, సరిగ్గా ఆ సుఖమే జెంటిల్ జెయింట్‌లో కూడా ఉంది. కాకపోతే ఒక తేడా. మన కచేరీలో అందరూ కలిసి ఒకే రాగం చుట్టూ తిరుగుతారు, వీళ్లలో నాలుగు వరుసలు ఒకేసారి నాలుగు వైపులా నడుస్తాయి. లెక్క మనకి తెలిసిందే, అల్లిక కొత్తది. నాలుగుకి నాలుగు దెబ్బల మీదే పెరిగిన సగటు రాక్ శ్రోత కన్నా వీళ్లని పట్టుకోవడం మనకే తేలిక అని నా వాదన, దీని మీద ఎవరితోనైనా ఎంతసేపైనా కొట్లాడతాను.

అవతలి వాదన నాకు తెలియంది కాదు. ఇదంతా లెక్కల మాస్టారి సంగీతం, తెలివి చూపించుకోవడం తప్ప గుండె లేదు, 1976-77లో పంక్ అనే సాదాసీదా మోటు రాక్ వచ్చి ఊడ్చేసింది, మంచిదే అయింది అంటారు. కొంత నిజం లేకపోలేదు, కొన్ని పాటల్లో నాకూ ఊపిరాడదు. కానీ గుండె లేదన్నవాళ్లు 'ద పవర్ అండ్ ద గ్లోరీ' మొదటి నుంచి చివరిదాకా విని ఉండరు. 1974లో, అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్ మెడకు చుట్టుకున్న వాటర్‌గేట్ గొడవ నడుస్తున్న రోజుల్లో వచ్చిన ఆల్బమ్ అది. అందులోని కథలో, మంచి చేద్దామనే గద్దె ఎక్కిన మనిషి, చివరికి తాను దింపినవాడిలాగే తయారవుతాడు. మొదటి పాట 'ప్రొక్లమేషన్'లో ఇచ్చిన హామీల బాణీయే ఆఖరి పాటలో బరువెక్కి, వికృతంగా తిరిగొస్తుంది. మేనిఫెస్టోలు చదివీ చదివీ కళ్లు కాయలు కాసిన మనకి ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది చెప్పండి.

ఇప్పుడు అభిమానుల సంగతికొస్తాను, నేను ఈ వ్యాసం మొదలుపెట్టిందే దానికోసం. 1973 నాటి 'ఇన్ ఎ గ్లాస్ హౌస్' అమ్ముడుపోదని అమెరికాలో వాళ్ల రికార్డు కంపెనీ అసలు విడుదలే చేయలేదు. అక్కడి శ్రోతలు ఊరుకున్నారా? ఇంగ్లండ్ నుంచి దిగుమతయిన కాపీలు వెతికి వెతికి, ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొన్నారు. ఇంకోవైపు, 1978లో బ్యాండే అందరికీ నచ్చాలని పాటలు పల్చన చేసి, అట్ట మీద కత్తిరించుకునే మాస్కు కూడా పెట్టి 'జెయింట్ ఫర్ ఎ డే' వదిలితే పాతవాళ్లు మొహం తిప్పుకున్నారు, కొత్తవాళ్లు రాలేదు. 1980లో బ్యాండ్ ఆగిపోయింది. డెరెక్ షుల్మన్ రికార్డు కంపెనీలో చేరి బాన్ జోవి అనే రాక్ బ్యాండ్‌ని సైన్ చేశాడు, హిట్టు లక్షణం ఆయనకి తెలుసని ఇంతకన్నా రుజువు అక్కర్లేదనుకుంటాను.

బ్యాండ్ లేదు, మళ్లీ కలవలేదు, టూర్లు లేవు, ప్రచారం చేసే పీఆర్ టీమ్ లేదు. అయినా అభిమానులు దేశదేశాల నుంచి ఒకచోట చేరి ఈ కష్టమైన పాటల్ని తామే వాయించుకుంటూ వచ్చారు. పోర్క్యుపైన్ ట్రీ అనే రాక్ బ్యాండ్ నడిపిన స్టీవెన్ విల్సన్ వీళ్ల ఆల్బమ్‌లు కూర్చుని రీమిక్స్ చేశాడు, అదీ ఒక అభిమాని పనే. 2004లో మ్యాడ్‌విలెన్ అనే హిప్‌హాప్ జోడీ పాటలోకి వీళ్ల ముక్క ఒకటి వెళ్లింది, 2023లో అమెరికన్ రాపర్ ట్రావిస్ స్కాట్ ఆల్బమ్ 'యుటోపియా'లోని 'హయీనా' మొదలయ్యేదే 'ప్రొక్లమేషన్' గొంతులతో. మాదాపూర్ పబ్బుల్లో ఊగే పిల్లలు ఆ గొంతులు విన్నారు, ఎవరివో తెలియకుండానే. యాభై ఏళ్ల కిందటి, అమ్ముడుపోదన్న సరుకు ఇది!

దీని పక్కన మన అభిమానాన్ని పెట్టి చూడండి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఏ పెద్ద సినిమా విడుదల రోజైనా టీ కొట్టు దగ్గర నిలబడి వినండి, నైజాం షేర్ ఎంత, సీడెడ్ ఎంత, ఓవర్సీస్ ప్రీమియర్లకి ఎంత, అవతలి హీరో రికార్డు దాటిందా లేదా. ఇరవై ఏళ్ల కుర్రాడు డిస్ట్రిబ్యూటర్ దగ్గర జీతం లేని గుమాస్తా అయిపోయాడు. అదే కుర్రాణ్ని, మీ హీరో పాటలో రెండో చరణం ఎలా మొదలవుతుందిరా అని అడిగాను ఒకసారి. రెండో చరణం ఉందా అన్నాడు. తప్పు వాడిది కాదు, రీల్స్‌కి పనికొచ్చే ముప్పై సెకన్లు తప్ప మిగతాది ఎవరూ వినరని పాట చేసేవాళ్లే తీర్మానించుకున్నారు. కలెక్షన్ లెక్క తెలిసినవాడు అభిమాని, పాట లోపలి లెక్క పట్టించుకునేవాడు పిచ్చివాడు, ఇదీ నగరంలో ఇవాళ్టి వరస. గానసభలో పెదనాన్నగారి రెండో వరుసలో ఇప్పుడు ఫోనెత్తి వీడియో తీసే చేతులే ఎక్కువ. కళాకారులు తగ్గారని అందరూ గోలపెడతారు గానీ, నన్నడిగితే తగ్గింది శ్రోతలు. వినడం కూడా సాధన చేస్తే వచ్చే విద్యే, దానికి గురువులు లేరు, ఫీజులూ లేవు, అందుకే ఎవరికీ పట్టదు.

సరే, ఇంత తిట్టాక ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పకపోతే బాగుండదు. 1972 నాటి 'ఆక్టోపస్' తీసుకోండి. ఎనిమిది పాటలు, పేరులోనే ఆ ఎనిమిది మీద శ్లేష ఉంది, మొత్తం కలిపి 34 నిమిషాలే, అంటే సాయంత్రం పూట మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి చేరేలోపు అయిపోతుంది. 'నాట్స్' అనే పాట దగ్గర గొంతులు ముక్కలుముక్కలై నాలుగు దిక్కుల నుంచి మీద పడతాయి, అక్కడ తొంభై శాతం మంది ఆపేస్తారు, నేనూ మొదటిసారి అక్కడే ఆపాను. ఆపండి, ఫర్వాలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్లేటప్పుడు అదే పాట మళ్లీ పెట్టండి.