కన్వర్టర్, ఫైబర్, పుట్టీ: పాత కారు తుప్పుకు ఇది రిపేరు కాదు

"పాత కారుకు రేకు కోసి వెల్డింగ్ చేయించడం దండగ. రస్ట్ కన్వర్టర్ పూసి, చిల్లు మీద ఫైబర్ అతికించి, పుట్టీ పెట్టి, అడుగున అండర్‌కోటింగ్ కొడితే ఇక ఢోకా లేదు" అనే సలహా తెగ తిరుగుతోంది. ఇందులో నిజమెంత?

రస్ట్ కన్వర్టర్ అంటే తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం. అందులోని టానిక్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం తనకు తగిలిన తుప్పును మాత్రమే మారుస్తుంది. పెచ్చులు కట్టిన తుప్పు అడుగుదాకా దిగదు. స్పాట్ వెల్డ్‌తో, అంటే చుక్కల్లా వేసిన అతుకులతో, కలిసిన రెండు రేకుల సందులోకి సరిగా చేరదు. బాడీ రేకు మందమే దాదాపు 0.8 నుంచి 1 మిల్లీమీటరు, అందులో తుప్పు తినేసింది తిరిగి రాదు. పైపైన ఎర్రబడిన చోట వాడుకోండి, తప్పులేదు.

ఫైబర్, పుట్టీ నునుపు చేయడానికే గానీ బరువు మోయడానికి కాదు. డోర్ల కింది సిల్, ఛాసిస్ రైలు (కారు అడుగున బరువు మోసే పొడవాటి ఇనుప దూలం), సస్పెన్షన్, సీట్‌బెల్ట్ బిగించే చోట్లు ప్రమాదంలో ప్రాణం కాపాడేవి. అక్కడ పుట్టీ పెట్టడం మోసమే. పైగా పాలిస్టర్ పుట్టీ తేమ పీలుస్తుంది, కొన్నాళ్లకు పెయింట్ పొక్కుతుంది.

తుప్పు మీద కొట్టిన అండర్‌కోటింగ్ ఇంకా చెరుపు. తారు రకం ఎండి బీటలు వారుతుంది, దూరిన నీళ్లు బయటికి రావు. సిల్ కింది నీటి రంధ్రాలు పూడిపోతే చెప్పనే అక్కర్లేదు.

"వెల్డింగ్‌తో రేకు వంకర పోతుంది" అన్నది సగం నిజం. వెల్డింగ్ గీతను ఏకబిగిన లాగితే పోతుంది. 0.6 మిల్లీమీటర్ల మిగ్ వెల్డింగ్ వైరుతో, 25–30 మిల్లీమీటర్లకో టాక్ (చిన్న చుక్క అతుకు) వేసి, చోటు మారుస్తూ, చల్లారనిస్తూ సందులు పూడిస్తే వంకర చాలావరకు తప్పుతుంది.

అసలు చిక్కు కోతలో ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ, గట్టి రేకు తగిలేదాకా కోయాలి. అంతకంటే ముందు డోర్ సందుకు అడ్డంగా ఇనుప బ్రేసులు, అంటే ఊత కడ్డీలు, వేయాలి. లేకపోతే సిల్ తీయగానే బాడీ కుంగుతుంది, కొత్త సిల్ ఆ వంకరలోనే అతుక్కుంటుంది, తర్వాత డోరు పడదు. డోర్ల సందులు ముందే కొలిచి రాసుకోండి. లోపలి సిల్ అయ్యాకే బయటిది.

బ్యాటరీ విప్పి, పెట్రోలు ట్యాంకు, పైపులు తీసి పక్కన పెట్టాకే వెల్డింగ్ మొదలెట్టాలి. వెల్డింగ్‌కు ముందే, రేకులు కలిసే చోట జింక్ వెల్డ్ ప్రైమర్ (తుప్పు ఆపే జింక్ పూత) పూయండి. వెల్డింగ్ వేడికి లేచే దాని పొగ పీల్చకూడదు, మాస్క్ తప్పనిసరి. పెయింటు ఆరాక, పొడవాటి నాజిల్‌తో సిల్ లోపలంతా క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టి, నీటి రంధ్రాలు తెరిచే ఉన్నాయో చూడండి. వ్యాక్స్ ముందే కొట్టి తర్వాత వెల్డింగ్ పెడితే లోపల మంటలు లేస్తాయి.