నాలుగో రకం గూఢచారి

సెలవు మీద వెళ్ళిన మా మేనేజరుగారు సోమవారం చేతిలో ఒక పుస్తకంతో దిగారు. సన్ జూ రాసిన ‘ఆర్ట్ ఆఫ్ వార్’. 2,000 ఏళ్ళు దాటిన చైనా యుద్ధశాస్త్రం. 13 అధ్యాయాలే, చిన్న పుస్తకం. అదే మా కొంప ముంచింది. ఏ కౌటిల్యుడి అర్థశాస్త్రమో అయితే 15 అధికరణాలు, ఆయన చదివి ముగించేలోగా మాకు కనీసం ఏడాది ప్రశాంతంగా గడిచేది.

మధ్యాహ్నానికల్లా కాన్ఫరెన్స్ హాలు తలుపు మీద ‘వార్ రూమ్’ అన్న కాగితం వెలిసింది. టేపు ఒక మూల ఊడి, ఏసీ గాలికి అది జెండాలా రెపరెపలాడుతుంటే, లోపల సార్ కథ ఎత్తుకున్నారు. వూ రాజుగారి అంతఃపురంలోని 180 మంది స్త్రీలకు సన్ జూ కవాతు నేర్పాడట. ‘కుడికి తిరగండి’ అంటే వాళ్ళు కిసుక్కున నవ్వారట. దళనాయికలిద్దరి తలలూ తీయించాడట. రాజు వద్దన్నా వినలేదట. ఆ తర్వాత ఒక్కరూ కిక్కురుమనలేదట.

“నాయకత్వమంటే అదీ!” అన్నారు సార్.

మా టీమ్ లీడర్లు కూడా ఇద్దరే. ఇద్దరూ ఒకేసారి కాలర్లు సవరించుకున్నారు.

ఆ వారమే ఒక పెద్ద క్లయింటుకి కొటేషన్ ఇవ్వాలి. పోటీ కంపెనీ కూడా కాచుక్కూర్చుంది. “యుద్ధానికి మూలం వంచన. పక్క సీటువాడికి కూడా చెప్పొద్దు” అంటూ సార్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెవిలో ఏదో ఊదారు. నాకు గూఢచర్యం దక్కింది. “గూఢచారులు ఐదు రకాలు. నువ్వు ఐదో రకం. రహస్యం పట్టుకుని ప్రాణాలతో తిరిగొచ్చేవాడివి” అని భుజం తట్టారు. ఇంక్రిమెంటప్పుడు కూడా అంత ఆప్యాయంగా తట్టిన మనిషి కాదు.

క్లయింటు ఆఫీసులో పూలకుండీ పక్కన గంటన్నర కూర్చుని, ఒకే పత్రికను నాలుగుసార్లు తిరగేశాక, పర్చేజ్ ఆఫీసరు నోరు జారాడు: “మీకంటే ఎవరో 5 శాతం తక్కువ అంటున్నారండీ.” పరిగెత్తుకొచ్చి చెప్పాను. మేం 8 తగ్గించాం. అవతలివాళ్ళు 10. మేం 12. బోర్డు మీద రేట్లు రాయడానికి చోటు చాలలేదు. అక్కడ సార్ స్వహస్తాలతో రాసిన ‘నిన్ను నువ్వు తెలుసుకో, శత్రువును తెలుసుకో’లో మొదటి సగం నేనే తుడిచేశాను.

శుక్రవారం ఫోనొచ్చింది. సార్ స్పీకర్ నొక్కారు.

“మీకంటే తక్కువకిస్తామన్న కంపెనీ లెటర్‌హెడ్ మీద కూడా మీ ఫోన్ నంబరే ఉందండీ. ఇంతకీ ఎవరితో సంతకం పెట్టించుకోమంటారు?”

రెండో టీమ్ లీడర్ నెమ్మదిగా చెయ్యెత్తాడు. శత్రువుని ఎదురుగా ఒక దళం, పక్కనుంచి ఒక దళం కొట్టాలని సార్ అతన్ని మా అనుబంధ సంస్థ పేరుతో పంపారట. “ఎవరు తగ్గించినా నువ్వు ఇంకాస్త తగ్గించు, నాక్కూడా చెప్పకు” అన్నారట. అతనికీ ఒక ఐదో రకం గూఢచారి ఉన్నాడు. అసలు పోటీ కంపెనీ మంగళవారమే తప్పుకుందట. యుద్ధం చెయ్యకుండా గెలవడమే ఉత్తమం అని ఆ పుస్తకంలోనే ఉంది. బహుశా వాళ్ళు పూర్తిగా చదివినట్టున్నారు.

సార్ మౌనంగా క్యాబిన్‌లోకి వెళ్ళిపోయారు. పుస్తకం టేబుల్ మీదే మర్చిపోయారు. ఆఖరి అధ్యాయం తీసి చూశాను. నాలుగో రకం గూఢచారి: సొంతవాళ్ళే తప్పుడు సమాచారమిచ్చి పంపితే, దాన్ని మోసుకెళ్ళి బలయ్యేవాడు.

ఆ పేజీ మూల మడతపెట్టి ఉంది. పక్కన పెన్సిల్‌తో నా పేరు.