గని కార్మికుడి సీటు, బాతుల గూడు బిల్లు

బొగ్గు గనిలో ఇరవై ఏళ్లు పనిచేసి చట్టసభకు వచ్చిన డెన్నిస్ స్కిన్నర్, 1970 నుంచి 2019 వరకు బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో డర్బీషైర్ జిల్లా బోల్సోవర్‌కు ప్రతినిధిగా ఉన్నారు. ఆయన తండ్రీ గని కార్మికుడే. 1926 సార్వత్రిక సమ్మె తర్వాత ఆ తండ్రిని పనిలోంచి తీసేశారు. నలభై తొమ్మిదేళ్లలో స్కిన్నర్ మంత్రి పదవి చేపట్టలేదు. సభ నడుస్తుంటే ముందు వరుస మూల సీటులో ఆయన లేకపోవడం అరుదు. నోటి దురుసు వల్ల స్పీకర్లు ఆయన్ను పలుమార్లు బయటకు పంపారు. 2016లో ప్రధాని కామెరాన్ మీద చేసిన వ్యాఖ్యను వెనక్కి తీసుకోనన్నందుకు ఆ రోజంతా సభకు దూరమయ్యారు. ఆయన రాజకీయాలతో, మాటతీరుతో ఎవరైనా విభేదించవచ్చు. ప్రజల సొమ్ము విషయంలో మాత్రం వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. 2009లో ఎంపీలు ఖజానా నుంచి భత్యాలుగా రాబట్టుకున్న ఖర్చుల చిట్టా బయటపడినప్పుడు అతి తక్కువ తీసుకున్నవారిలో స్కిన్నర్ ఒకరు.

అదే చిట్టాలో సర్ పీటర్ విగర్స్ పేరూ ఉంది. 1974 నుంచి 2010 వరకు గోస్‌పోర్ట్ ఎంపీ. మూడేళ్లలో తోట పనుల కోసం ఆయన పెట్టిన బిల్లులు 30,000 పౌండ్లు దాటాయి. అందులో దాదాపు 500 పౌండ్లు పశువుల ఎరువుకు. చెరువు మధ్య తేలే బాతుల గూటికి 1,645 పౌండ్లు. పాతకాలపు స్వీడన్ భవనం నమూనాలో చేయించిన గూడది. ఆ ఒక్క బిల్లును పార్లమెంటు ఖర్చుల కార్యాలయం తోసిపుచ్చింది. మరో ఎంపీ డగ్లస్ హాగ్ తన భవంతి చుట్టూ ఉన్న అగడ్త పూడిక తీయించిన 2,115 పౌండ్లను తన ఖర్చుల పట్టికలో చేర్చారు. మొత్తాలు చూస్తే ఇవి దేశాన్ని దివాలా తీయించేంతవి కావు. అయినా బ్రిటన్ ప్రజలు అంతగా రగిలిపోవడం న్యాయమేనని మా అభిప్రాయం.

ఎందుకంటే ఈ భత్యాల వెనక ఒక పోరాటం ఉంది. 1911 వరకు కామన్స్ సభ్యులకు జీతం లేదు. ఎస్టేట్లు, వ్యాపారాలు ఉన్నవాళ్లే లండన్‌లో నెలల తరబడి కూర్చోగలిగేవారు. ఆ ఏడాది ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ 400 పౌండ్ల వార్షిక జీతం ఏర్పాటు చేశాకే, సొంత ఆస్తి లేని కూలివాడు మరొకరి దయ మీద ఆధారపడకుండా ఎంపీగా బతకగలిగాడు. దూరపు నియోజకవర్గాల వారికి లండన్‌లో రెండో ఇంటి ఖర్చు ఇవ్వడమూ అందుకే. స్కిన్నర్ వంటివారు సభకు వచ్చిన దారి అది. ఆ దారిలో వచ్చిన సొమ్ముతో తోటలూ కందకాలూ చక్కబెట్టుకోవడం పన్ను కట్టినవారికే కాదు, పేద అభ్యర్థులకూ చేసిన ద్రోహం. ఇటువంటివి చూసిన జనం భత్యాలే దండగ అంటారు. భత్యాలు పోతే సభ మళ్లీ సంపన్నులదే.

అప్పటి పద్ధతి సభ్యుడి మాట మీద నడిచింది. 2008 వరకు 250 పౌండ్లలోపు ఖర్చుకు రసీదే అడిగేవారు కాదు. తిండి ఖర్చుకు నెలకు 400 పౌండ్ల దాకా రసీదు అక్కర్లేదు. ఎవరెంత తీసుకున్నారో మొత్తాలు 2004 నుంచి ప్రకటిస్తూనే ఉన్నారు, కానీ ఆ మొత్తాల్లో బాతుల గూడు కనబడదు. రసీదుల కోసం హెదర్ బ్రూక్ అనే పాత్రికేయురాలు సమాచార హక్కు చట్టం కింద ఏళ్ల తరబడి పోరాడారు. సభ్యులను ఆ చట్టం నుంచి తప్పించే బిల్లును 2007లో కామన్స్ సభ ఆమోదించింది. ఎగువ సభ అయిన ప్రభువుల సభలో దాన్ని ప్రవేశపెట్టేవారే దొరకలేదు. 2008లో హైకోర్టు వివరాలు ఇవ్వాల్సిందేనన్నది. చివరికి 2009 జూన్‌లో సభ అధికారికంగా విడుదల చేసిన కాగితాల మీద చిరునామాలన్నీ నల్ల సిరాతో కప్పేసి ఉన్నాయి. ఏ ఇంటిని ఎప్పుడు ‘రెండో ఇల్లు’గా మార్చి సొమ్ము రాబట్టారో ఆ కాగితాలతో పట్టుకోవడం అసాధ్యం. అంతకు ముందే, మే నెలలో, డైలీ టెలిగ్రాఫ్ చేతికి అసలు ప్రతులు చిక్కాయి కాబట్టి దేశానికి నిజం తెలిసింది.

తర్వాతి పరిణామాలు వేగంగా జరిగాయి. స్పీకర్ మైకేల్ మార్టిన్ దిగిపోయారు. అలా పదవి వదలాల్సిన పరిస్థితి ఒక స్పీకర్‌కు 1695 తర్వాత అదే మొదటిసారి. తీరిపోయిన గృహరుణానికి కూడా వడ్డీ రాబట్టిన మాజీ మంత్రి ఇలియట్ మోర్లీ సహా పలువురు జైలుకు వెళ్లారు. తమను విచారించే అధికారం కోర్టులకు లేదని, పార్లమెంటు హక్కులే తమకు రక్షణ అని మోర్లీ, మరో ఇద్దరు ఎంపీలు వాదించారు. 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఇప్పుడు ఎంపీల జీతం, భత్యం రెండూ ‘ఇప్సా’ అనే స్వతంత్ర సంస్థ నిర్ణయిస్తుంది. చెల్లించిన బిల్లుతో పాటు తిరస్కరించిన బిల్లునూ జనం ముందు పెడుతుంది.

స్కిన్నర్ 2019 ఎన్నికల్లో 5,299 ఓట్ల తేడాతో ఓడిపోయారు. నియోజకవర్గం ఏర్పడిన 1950 నుంచి అప్పటిదాకా ఆయన పార్టీ లేబర్ చేజారని సీటు అది. ఆయన పొదుపు ఆయన్ను గెలిపించలేదు, విగర్స్ వంటివారిని అడ్డుకోనూ లేదు. అటువంటి సభ్యుడు ఒకరున్నారని మురిసిపోయి ఖజానాను సభ్యుల మంచితనానికి వదిలేసిన సభ ఎంత నష్టపోయిందో కామన్స్ చరిత్రలో కనబడుతోంది.

ఈ సంగతులు మన సభలకూ పడతాయి. మన శాసనసభల హక్కులను చెప్పే రాజ్యాంగం 194వ అధికరణం తొలినాళ్లలో కామన్స్ సభ హక్కులనే కొలమానంగా తీసుకుంది. 195వ అధికరణం ప్రకారం ఎమ్మెల్యేల జీతభత్యాలను శాసనసభే చట్టం చేసి నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎమ్మెల్యే అందుకునే మొత్తంలో సింహభాగం నియోజకవర్గ భత్యమే. అది దేనికి ఖర్చయిందో రసీదులతో సహా ఓటరు చూడగల ఏర్పాటు లేదు. ఆ భత్యం ఇవ్వాలి, అవసరమైతే పెంచాలి కూడా. దాని లెక్క అంశాలవారీగా ప్రచురించాలి, నిర్ణయం సభ్యుల చేతిలోంచి స్వతంత్ర సంస్థకు వెళ్లాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే ఈ సవరణ తేవాలని రెండు ప్రభుత్వాలనూ, రెండు సభల్లోని ప్రతిపక్షాలనూ కోరుతున్నాం.